సొట్టలక్క తీసుకోని తాళం

ముందు పళ్ళు నూరినట్టు ఒక చప్పుడు. రేకును రేకు నమిలే చప్పుడది. ఆ వెంటనే గాజు పగిలి సిమెంటు నేల మీద వడగళ్ళలా రాలుతుంది. ఒక్క క్షణం ఏమీ వినపడదు. ఆ క్షణంలో పెద్ద బజారు వెనకున్న పార్కింగ్ స్థలమంతా ఊపిరి బిగబట్టుకుంటుంది, రేకుల కప్పు మీది పావురాలతో సహా. తరవాత "ఎవడ్రా ఒరేయ్" అని ఒక గొంతు, "నీ కళ్ళేమైనా కాకులెత్తుకెళ్ళాయా" అని ఇంకో గొంతు, తలుపులు దభీమని వేసిన మోత, చొక్కా గుండీలు తెగిన చిన్న టపటప. అప్పుడు వినిపిస్తుంది ఈల. పొడుగ్గా, తెంపు లేకుండా, చెవిలో సూది దించినట్టు. ఈల ఆగేసరికి ఇద్దరి మధ్యా ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. పొట్టి మనిషి. మోకాళ్ళదాకా వేలాడే ముదురు నీలం కోటు. ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు. ఆ చెయ్యే చాచి ఒకటే మాట అంటుంది.

"తాళాలు."

ఇద్దరి తాళాలూ గుప్పిట్లోకి వచ్చేదాకా ఆమె ఏ బండివైపూ చూడదు. తాళం చేతిలో ఉన్నవాడు బండిని అంగుళం జరుపుతాడు, అంగుళం జరిగితే నిజం గజం జరుగుతుంది అంటుంది. పదకొండేళ్ళుగా ఆ స్థలంలో అదే చట్టం. అందరూ సొట్టలక్క అని పిలిచే ఆమె చూసి, తప్పు ఫలానావాడిది అని చెప్పేదాకా ఎవరూ ఎవరిమీదా చెయ్యి వెయ్యకూడదు. చెప్పాక వేసుకోవచ్చా అక్కా అని బజారు హమాలీల మేస్త్రీ ఒకసారి ఎగతాళిగా అడిగాడు.

"చెప్పాక ఇంక కొట్టుకోవడానికేం మిగుల్తుంది నాయనా? తప్పు చేసినోడు అప్పటికే సగం చచ్చుంటాడు" అంది.

ఒక రోజు ఇస్త్రీ మడత నలగని పెద్దమనిషి ఒకాయన, తన కొత్త కారు నిలబడి ఉంటే స్కూటరువాడు వచ్చి గుద్దాడని ఎగిరెగిరి పడ్డాడు. సొట్టలక్క కారు పక్కన గొంతుక్కూచుంది. బొటనవేలు తడిచేసుకుని గీత మీద ఈ చివర నుంచి ఆ చివరకు రాసింది. గీత మొదలైన చోట లోతుంటుంది, ఆగిన చోట రంగు పొట్టు పోగుపడుతుంది. ఆ పొట్టు గీత వెనక చివర ఆమె వేలికి అంటింది; కారు ముందుకు కదిలితేనే అక్కడ చేరుతుంది.

"బాబుగారూ, మీ కారు నిలబడే ఉందా?"

"స్తంభంలా నిలబడుంది."

"మరి స్తంభానికి ఇంత దూరం నడిచే అలవాటు ఎక్కణ్ణుంచొచ్చిందండీ?"

హమాలీలు పొట్టలు పట్టుకుని నవ్వారు. పెద్దమనిషి తాళం తీసుకుని పోయాడు. స్కూటరువాడు ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, లేవరా బాబూ, నీ బ్రేకులు కూడా అరిగాయి, అవి చూసుకో ముందు అని కసిరింది.

ఈ చదువు ఆమె రేకుల షెడ్డులో చదివింది. మొగుడు సొట్టలు తీసే మేస్త్రి. అతను బండి రేకును బయటినుంచి సుత్తితో కొడుతుంటే ఆమె లోపలినుంచి ఇనప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. సుత్తికీ దిమ్మెకీ మధ్య నలిగి రేకు సాపు అవుతుంది. పన్నెండేళ్ళు అలా పట్టుకుంది. రేకు అవతల ఉన్న మనిషి కనపడడు. దెబ్బ ఎటునుంచి, ఎంత బరువుతో, ఎంత కోపంతో దిగుతోందో దిమ్మె పట్టుకున్న అరచేతికి తెలుస్తుంది. గురి తప్పిందో, కావాలనే తప్పించాడో గానీ ఒక మధ్యాహ్నం సుత్తి దిమ్మెను వదిలి వేలి మీద పడింది. గోరు ఊడి, రేకుకు అతుక్కుని, ఎండి రాలిపోయింది.

ఇంట్లో దిమ్మె ఉండేది కాదు. అక్కడ సుత్తికీ గోడకీ మధ్య ఆమె ఉండేది. బెల్టు, పట్టకారు, నీళ్ళ బకెట్టు, ఏది చేతికందితే అది. మొహం మీద కమిలిందేమిటని పొరుగువాళ్ళు అడిగితే మెట్ల మీంచి పడ్డానని చెప్పేది. పడ్డ దెబ్బ వెడల్పుగా కములుతుంది, చుట్టూ చెదిరి మసకగా ఉంటుంది. కొట్టిన దెబ్బకు అంచు ఉంటుంది. ఆ తేడా తెలిసిన మనిషి ఆ వీధి మొత్తంలో తనొక్కతే కాబట్టి అబద్ధం చెల్లుబాటయింది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. పదేళ్ళు చిన్న. అమ్మ పనికి పోతే వాణ్ణి చంకనేసుకుని తిప్పింది, అన్నం ముద్దలు పెట్టింది, పళ్ళూడితే భయపడకుండా కథలు చెప్పింది. ఎంత పెరిగినా అందరికీ చిన్నోడే. చిన్నోడికి పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక రోజు అమ్మ ఇచ్చిన అన్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. అక్క జుట్టు బావ గుప్పిట్లో ఉంది. అక్క మొహం కారు బానెట్‌కు ఆని ఉంది. చిన్నోడు క్యారియరు జాగ్రత్తగా కింద పెట్టాడు, మూత కూడా ఊడలేదు. చక్రాల బోల్టులు విప్పే స్పానరు తీసుకుని బావ మణికట్టు మీద ఒక్కటే దెబ్బ వేశాడు. ఎండిన కొమ్మ విరిగినట్టు వినపడింది.

"ఇవాళ మణికట్టు బావా. మళ్ళీ చెయ్యి లేస్తే మోచెయ్యి. ఆ తరవాత భుజం. అలా పైకొస్తా. తొందరేం లేదు, మెడదాకా వస్తా."

ఆ రోజు నుంచి మొగుడు ఆమె మీద చెయ్యెత్తలేదు. రెండేళ్ళకు జాకీ జారి బండి అతని ఛాతీ మీద పడింది. ఆమె రెండు చేతులా బంపరు పట్టి లేపబోయింది. భుజం కీలు తప్పింది గానీ బండి లేవలేదు. అతను చివరిదాకా ఆమెనే తిట్టాడు. ఆమె చివరిదాకా లాగింది. ఏడుపు రాలేదేమని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు.

ఆమె జీవితంలో ఆమె కోసం లేచిన చెయ్యి ఒక్కటే, తమ్ముడిది. ఈ సంగతి మరిచిపోతే మిగతా కథ అర్థం కాదు.

షెడ్డు పోయాక ఆమె పార్కింగ్ స్థలంలో కాపలాకు చేరింది. చిన్నోడు పార్సెల్ కంపెనీలో వ్యాను డ్రైవరయ్యాడు. రోజుకు రెండుసార్లు సరుకు దింపడానికి ఆమె స్థలానికే వచ్చేవాడు. బండి ఆపి, అక్క గ్లాసులోని టీ సగం తాగేసి, మిగతా సగం నీ ఆరోగ్యానికి మంచిది కాదక్కా అని అదీ తాగేసేవాడు. నవ్వితే ఇల్లంతా వెలుగొచ్చే మొహం. కోపమొస్తే మాత్రం వాడి మొహంలో ఇంకెవడో కాపురముండేవాడు. మణికట్టు విరిచిన రోజు వాడికో రుచి తెలిసింది. ఒకసారి ముందుకు దారివ్వలేదని ఒక సైకిలు మనిషి దవడ పగలగొట్టాడు. ఇంకోసారి టోల్ గేటు అద్దం తలతో గుద్ది పగలగొట్టాడు, తన తలతోనే. ఇంట్లో పెళ్ళాం నీళ్ళోసుకుని ఉంది. కంపెనీవాళ్ళు కాగితం మీద రాసిచ్చారు: ఇంకొక్కసారి బండి ఎక్కడైనా తగిలిందంటే తాళం ఇచ్చేసి పోవడమే.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. సొట్టలక్క స్థలం అటు చివర, ర్యాంపు దగ్గర నూనె మరక మీద ఇసక పోస్తోంది. పళ్ళు నూరిన చప్పుడు వినపడింది. గాజు రాలింది. ఈల నోట్లో పెట్టుకుని పరిగెత్తింది. ఏడో స్తంభం దాటేసరికి హమాలీలు గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఎవరూ కలగజేసుకోవడం లేదు. మధ్యలో తన తమ్ముడు. వాడి మోకాళ్ళ కింద ఒక టాక్సీ డ్రైవరు, ఎముకల గూడులాంటి పెద్దవయసు మనిషి. కళ్ళజోడు ముక్కలై చెంపలో గుచ్చుకుని ఉంది. చిన్నోడి పిడికిలి పైకి లేచి కిందకు దిగుతోంది, బావ సుత్తి దిగినట్టే, అదే లయ.

ఈల ఊదింది. ఆగలేదు. ఇంకోసారి ఊదింది. పిడికిలి మళ్ళీ లేచింది. కాలరు పట్టి వెనక్కి లాగి, ఎడాపెడా కాదు, ఒక్కటే ఒక్క చెంపదెబ్బ కొట్టింది. స్థలమంతా వినపడింది.

"అక్కా..." అన్నాడు చిన్నోడు. మొహంలో ఉన్న ఇంకెవడో ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. జ్వరమొచ్చి మందు తాగనని మారాం చేసిన ఏడేళ్ళవాడు కనపడ్డాడామెకు.

టాక్సీ అతను లేచి కూచున్నాడు. ఒక పన్ను నేల మీద ఉమ్మాడు. "నీ ఆచారం నాకు తెలుసక్కా, అందరూ చెప్తారు" అని, చూపు ఆనక తడుముకుని తన తాళం ఆమె చేతిలో పెట్టాడు.

అప్పుడు ఆమె రెండో చెయ్యి తమ్ముడివైపు చాచాలి. చాచలేదు. నలుగురిలో కొట్టాను కదా, చాల్లే అనుకుంది. ఆ దెబ్బతోనే వాడి దగ్గర తీసుకోవలసినదంతా తీసేసుకున్నట్టు అనిపించింది. హమాలీలు కూడా అలాగే అనుకున్నారు. తమ్ముడినే కొట్టింది, ఇంతకన్నా న్యాయమేముంటుందని తలలూపారు. తాళం మాట ఎవరికీ గుర్తు రాలేదు. అన్నేళ్ళలో మొదటిసారి ఒక్క తాళంతో ఆమె విచారణ మొదలుపెట్టింది.

"చెప్పరా."

"నేను బండి ఆపి సరుకు దింపుకుందామని చూస్తున్నా అక్కా. ఈ ముసలాడు బండి తీసి నా వెనక చక్రాన్ని గీరేశాడు. చూపు లేదు ఈయనకి, ఆ సోడాబుడ్డి కళ్ళద్దాలు చూడు."

"కళ్ళద్దాలు ఇప్పుడెక్కడున్నాయి బాబూ, చూపించు" అన్నాడు టాక్సీ అతను. "అక్కా, నేను ఇంజను ఆపి అరగంటయింది. సీటు వెనక్కి వాల్చి పడుకున్నా. ఈ అబ్బాయి పక్క గళ్ళోకి తిప్పుకుంటూ నన్ను ఈడ్చాడు."

హమాలీల మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "అక్కా, పోనీ ఇద్దరిదీ చెరిసగం అనేసెయ్యి. మనవాడే కదా."

"వాడు మోయని బస్తాకి మనవాడేనని కూలి చెరిసగం ఇస్తావేంటి?" అంది ఆమె. గొంతుక్కూచుంది.

వ్యాను సగం పక్క గళ్ళోకి దూరి ఆగి ఉంది. దాని ఎడమ వెనక చక్రం, టాక్సీ ఎడమ ముందు చక్రం ఒకదాన్నొకటి ముట్టుకునేంత దగ్గరలో ఉన్నాయి. రెండింటి మీదా గీతలున్నాయి. ముందు టాక్సీ చక్రం చూసింది. పసుపు రంగేసిన ఇనప మూత మీద గీత అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. తరవాత వ్యాను చక్రం. అక్కడున్నది తిన్నటి గీత కాదు, వలయం. పసుప్పచ్చ టాక్సీ రంగు చక్రం మీద చందమామ అంచులా వంగి, ఒకదాని మీద ఒకటి మూడు చుట్లు తిరిగింది. నిలబడ్డ చక్రం మీద గీత తిన్నగా పడుతుంది. తిరుగుతున్న చక్రం మీద గుండ్రంగా పడుతుంది. ఇందులో అక్కా తమ్ముడూ అన్న తేడా లేదు.

ఆ వలయం మీద పెట్టిన వేలు ఆమె తియ్యలేదు; తుడిచెయ్యాలని ఉందో, తీయాలని లేదో. వెనక టాక్సీ అతను అడిగాడు.

"ఏముందక్కా? నాకు కనపడ్డం లేదు."

"కళ్ళతో పనిలేదు. ఇలా వంగు. నీ చక్రం మీద వేలుతో చూడు."

అతను నెత్తురు కారుతున్న మొహంతోనే వచ్చి రెండు చక్రాల మధ్యా గొంతుక్కూచుని, గుడ్డివాడు ఉత్తరం చదువుకున్నట్టు గీత మీద వేలు పోనిచ్చాడు. ఆమె లేచి నిలబడింది. తమ్ముడు వ్యాను తలుపు పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"చిన్నోడా, నీ చక్రం తిరుగుతోందిరా."

"అక్కా, వద్దు."

"ఆయన నిలబడున్నాడు. నువ్వు తిరుగుతున్నావు. తప్పు నీది."

"అక్కా, ఒక్కసారి. ఒక్కసారి నా వైపు చెప్పు. బండి లాగేసుకుంటారు. నీకోసం నేను... ఆ రోజు నేను..." అది చెప్పక్కర్లేదు. ఇద్దరికీ చెవుల్లో ఆ మణికట్టు చప్పుడు మోగింది.

"తెలుసురా" అంది. "అయినా తప్పు నీది."

ఖాళీ చేసి వెళ్ళినవాడు మళ్ళీ వాడి మొహంలోకి వచ్చేశాడు.

"గీత కదా నీకు కావలసింది? గీతే లేకుండా చేస్తా చూడు."

ఎక్కాడు. తాళం వాడి దగ్గరే ఉంది. ఆ మాట ఆమెకు అప్పుడు తట్టింది, నెత్తిన పిడుగు పడ్డట్టు. ఇంజను మొరిగింది. నిలబడ్డ చోటే స్టీరింగు ఎడమకు చివరిదాకా తిప్పాడు. ముందు టైర్లు సిమెంటు మీద నలుగుతూ కీచుమన్నాయి. వ్యాను వెనక్కి దూకింది. వెనక భాగం ఎడమకు ఒరిగి, మళ్ళీ టాక్సీని ఢీకొంది. ఈసారి రేకుకూ రేకుకూ మధ్యన మనిషి ఉన్నాడు. చక్రం అతని మోకాలిని టాక్సీ బంపరుకు నొక్కి, ఎక్కి, దిగింది. అతను అరవలేదు. అరుపు రావడానికి ముందు నోరు తెరుచుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది.

తరవాత జరిగినదంతా ఎర్రగానే గుర్తుంటుంది ఆమెకు. హమాలీలు చిన్నోణ్ణి తలుపులోంచి కాదు, అద్దంలోంచి లాగారు. బస్తాలకు గుచ్చే కొక్కేలు బయటికొచ్చాయి. ఇంతసేపూ మనవాడే అన్న మేస్త్రీ అందరికన్నా ముందు తన్నాడు. పక్కటెముకలు, మూతి, చెవి. ఆమె టాక్సీ అతని తొడకు తన కోటు బెల్టు బిగించి కట్టి, అంబులెన్సని అరిచి, వెళ్ళి తమ్ముడి మీద బోర్లా పడుకుంది. తన్నులు ఆమె వీపు మీద పడ్డాయి. ఈల ఇంకా పళ్ళ మధ్యనే ఉంది. తన్ను పడ్డప్పుడల్లా ఊపిరి తన్నుకొచ్చి ఈల దానంతటదే మోగింది. ఆ మోతకే ఒక్కొక్కరూ ఆగారు.

టాక్సీ అతని కాలు మోకాలి కింద తీసేశారు. చిన్నోణ్ణి కట్లతో పాటు పోలీసులు తీసుకెళ్ళారు.

సాయంత్రం అమ్మ వచ్చింది. సైకిళ్ళ కొట్టు మీద అక్క అద్దెకుండే గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు తగిలించిన ఇంకో నీలం కోటు. అమ్మ కూచోలేదు.

"బ్రేకు పడలేదని చెప్పవే. లాయరు అదే చెప్పమన్నాడు. ఒక్క మాట. నీ మాట ఊరంతా నమ్ముతుంది."

"బ్రేకు పడిందమ్మా."

"నీ నోరు పడిపోనూ! నీ కాపురం నిలబెట్టినోడే వాడు. వాడే లేకపోతే నీకు ఈపాటికి దినాలు పెట్టేవాళ్ళం."

"పెట్టేవాళ్ళే."

"మరి?"

"నేను చెప్పకపోయినా నేల చెప్తుందమ్మా. కదలని బండికి స్టీరింగు తిప్పితే టైరు అరిగి నేల మీద నల్లగా మచ్చ పడుతుంది, అర్ధచంద్రంలా. రెండున్నాయక్కడ. బ్రేకు పడని బండి పల్లానికి జారుతుంది గానీ ముందు స్టీరింగు తిప్పుకుని బయల్దేరదు. పోలీసులింకా చూసుకోలేదు. పొద్దున చూపిస్తా."

చెప్పకూడని మాట చెప్పానని అమ్మ కళ్ళు చూశాకే తెలిసింది.

తెలతెలవారుతుండగానే ఆమె స్థలానికి పోయింది. ముందురోజు మచ్చల మీద ఇసక డబ్బాలు బోర్లించి వచ్చింది. డబ్బాలు పక్కకు దొర్లి ఉన్నాయి. అమ్మ మోకాళ్ళ మీద ఉంది. పక్కన సబ్బునీళ్ళ బకెట్టు, చేతిలో ఇనప పీచు. ఒక మచ్చ అప్పటికే బూడిదరంగు నురగయింది. రెండోదాని మీద అమ్మ చెయ్యి గబగబా తిరుగుతోంది, చిన్నప్పుడు పిల్లలిద్దరి వీపులూ రుద్దినట్టు.

"అమ్మా, లే."

లేవలేదు. భుజాలు పట్టి లాగింది. అమ్మ పీచుతో మొహం మీద గీకింది. బకెట్టు తన్నేసింది, నీళ్ళు మచ్చ మీదకు పోతుంటే కూతురు తన కోటు తీసి అడ్డం పడేసింది. అరవైయేళ్ళు దాటిన ఆ మనిషిలో అంత బలం ఎక్కడుందో. కూతుర్ని పడదోసి, కోటు లాగబోయి, అది రాకపోయేసరికి మణికట్టు కొరికింది. పళ్ళు దిగాయి. ఇద్దరూ తడినేల మీద పొర్లారు. పావురాలు ఎగిరిపోయాయి. చివరకు కూతురు అమ్మ రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకుంది. పట్టుకున్నది తన మొగుడు పట్టుకునే పద్ధతిలోనేనని తెలిసినా వదల్లేదు. అమ్మ నేలకు చెంప ఆనించి పిల్లలా ఏడ్చింది.

"ఒక్క కొడుకే. నాకు ఒక్క కొడుకే."

"నాకూ ఒక్కడే అమ్మా" అంది. తెల్లారి ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూచుంది.

ఇన్‌స్పెక్టరు మిగిలిన మచ్చకు ఫొటోలు తీయించాడు. స్టేషన్లో కుర్చీ వేసి, రాసే కానిస్టేబుల్‌ను పక్కన కూచోబెట్టాడు. ఆమె గీత గురించి, వలయం గురించి, మచ్చ గురించి వరసగా చెప్పింది. వెనకున్న మనిషి అద్దంలో చిన్నోడికి కనపడి ఉంటాడా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"తెలీదు. అది వాడి కంటికి తెలియాలి. నేను చూడనిది చెప్పను."

"సరే అమ్మా, సంతకం పెట్టు."

"ఇంకోటుంది, రాయండి. మొదటి గుద్దుకి తప్పు తమ్ముడిది. రెండో గుద్దుకి వాడితోపాటు నాది కూడా. ఇద్దరి తాళాలూ తీసుకోవాలి. ఒకటే తీసుకున్నా. ఆయన్ని అక్కడ కూచోమన్నదీ నేనే."

"అది రాయక్కర్లేదమ్మా. తాళం తీసుకోవాలని ఏ చట్టంలోనూ లేదు."

"ఆ స్థలంలో ఉంది. రాయండి."

కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టరు మొహం చూశాడు. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. కానిస్టేబుల్ రాశాడు.

ఆస్పత్రిలో టాక్సీ అతను ఆమెను చూసి లేవబోయాడు, లేవడానికి కావలసినది లేదని గుర్తొచ్చి మళ్ళీ వాలాడు. అతనే అన్నాడు: "తిన్నగానే ఉందక్కా గీత. వేలికి తెలిసింది." ఆమె వరండాలోకి వచ్చి, గోడకు తల కొట్టుకుంది. నర్సు వచ్చి పట్టుకునేదాకా కొట్టుకుంది. ఆ మచ్చ ఇంకా నుదుటి మీద ఉంది; అడిగితే పడ్డానని చెప్పదు.

చిన్నోడికి ఆరేళ్ళు వేశారు. కోర్టులో ఆమె చెబుతున్నంతసేపూ తల వంచుకుని ఉన్నాడు, చివర్లో మాత్రం ఎత్తి చూశాడు. ఆ మొహంలో ఎవరున్నారో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేకపోయింది. జైలుకు ములాఖత్‌కు వెళితే మొదటి ఏడాది వాడు బయటికి రాలేదు. రెండో ఏడాది ఒకసారి వచ్చి, ఇనప జాలీ అవతల నిలబడి, కూతురు పుట్టిందంట కదా, ఎలా ఉంది అని అడిగాడు. తను చూడలేదని చెప్పింది. అమ్మా, మరదలూ వేరే వీధిలో ఉంటున్నారు. ఆమె వెళితే లోపల గొళ్ళెం పడుతుంది. గొళ్ళెం పడ్డాక తలుపవతల అమ్మ కదలకుండా నిలబడి ఉంటుంది. తలుపు కింద సందులో అమ్మ పాదాల నీడ కనపడుతుంది.

పార్కింగ్ స్థలంలో ఇప్పటికీ బండ్లు గుద్దుకుంటూనే ఉన్నాయి. ఆమె చెయ్యి చాస్తూనే ఉంది. ఈ సంగతులన్నీ రాసుకోవడానికి వచ్చినవాళ్ళతో ఆమె మూడు మధ్యాహ్నాలు మాట్లాడింది, మధ్యమధ్యలో ఈల ఊదుకుంటూ. చివరిరోజు కాగితాలు సర్దుకుంటూ, ఇంట్లోవాళ్ళ గురించి కొంచెం మార్చి రాయమంటారా, చదివితే మీ అమ్మగారు బాధపడతారేమో అని అడిగారు. ఆమె ర్యాంపు దిగుతున్న బండిని కళ్ళతోనే ఆపి, అది ఆగాక ఇటు తిరిగింది.

"మార్చకండి. మా అమ్మకి చదువు రాదు, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. కుడిపక్కన కూచుని చదవమనండి. ఎడమ చెవి సరిగ్గా వినపడదు ఆవిడకి."